బిందె వెంట నడిస్తే: ఉద్దానంలో ఇంటి నీళ్ళ మీద ఒక ఫీల్డ్‌వర్క్ కేస్ స్టడీ

ఉద్దానంలో ఏ గుమ్మం ముందు నిలబడి "మీరు ఏ నీళ్ళు తాగుతారమ్మా?" అని అడిగినా దాదాపు ఒకటే జవాబు వస్తుంది: "టిన్ను నీళ్ళే బాబూ." అందులో అబద్ధం లేదు. ప్లాంటులో శుద్ధిచేసి అమ్మే నీళ్ళ ఇరవై లీటర్ల టిన్ను ఆ ఇంట్లో ఉంటుంది, గ్లాసుతో తాగేది అందులోంచే. కాని ఆ ఇంటివాళ్ళ కడుపులోకి పోయే నీళ్ళన్నీ టిన్నులోంచి రావు. ఎసట్లోకి నుయ్యి నీళ్ళు. రాత్రి మిగిలిన అన్నంలో పోసి పొద్దున్న తరవాణిగా తాగేది కుండ నీళ్ళు. టీకి కుళాయి నీళ్ళు. జీడి తోటకో కొబ్బరి తోటకో పనికి పోయిన మనిషి అక్కడి నూతి నీళ్ళే తాగుతాడు. మనం "తాగుతారా" అని అడిగాం కాబట్టి వాళ్ళు గ్లాసు గురించి చెప్పారు, అంతే.

ఈ కేసంతా ఆ ప్రశ్నను ఎలా మార్చాలన్న దాని గురించే. శ్రీకాకుళం జిల్లా ఉత్తరపు కొసన, కవిటి, సోంపేట వైపు తోటల మధ్య ఉన్న ఒక ఊళ్ళో, ఒకే వీధిలో చేసిన పని ఇది. ఊరి పేరు రాయడం లేదు. కిడ్నీ జబ్బు ఊరని పేరు పడితే పెళ్ళి సంబంధాలు కూడా వెనక్కి పోతాయని అక్కడివాళ్ళ భయం, అది న్యాయమైన భయం. కింద ఇచ్చిన నమూనా పుట (ఒక ఇంట్లో రోజంతా నీళ్ళ వాడకాన్ని చూసి రాసుకున్న కాగితం) కూడా ఏ ఒక్క ఇంటిదీ కాదు. వేర్వేరు ఇళ్ళ పుటల నుంచి ఏరి, గుర్తుపట్టే వివరాలు తీసేసి కూర్చినది.

ముందుగా ఒక మాట. ఉద్దానంలో దీర్ఘకాలిక మూత్రపిండాల జబ్బుకు కారణం ఇంతవరకూ తేలలేదు. నీటిలోని సిలికా, భార లోహాలు, పురుగుమందులు, నొప్పి మాత్రలు, ఎండలో పనిచేసి ఒంట్లో నీరు తగ్గిపోవడం, వంశపారంపర్యం, ఇలా చాలావాటి మీద అనుమానాలున్నాయి, దేనిమీదా తీర్పు రాలేదు. ఆ కారణం వెతకడం ఈ కేసు పని కాదు. నీళ్ళ మీద అనుమానం పడిన చోట జనం నీళ్ళతో రోజూ ఎలా బతుకుతున్నారు, ఏ నీళ్ళు ఎవరికి, ఎందుకు, ఎప్పుడు అన్నదే పని. దీని అవసరం ఇప్పుడు ఇంకా పెరిగింది. వంశధార నీటిని హిరమండలం రిజర్వాయరు నుంచి పైపుల్లో ఉద్దానానికి తెచ్చే పథకం 2023 డిసెంబరులో ప్రారంభమైంది. పైపు గుమ్మం దాకా వస్తుంది. గుమ్మం లోపల ఆ నీళ్ళు ఏ పాత్రలోకి పోతాయో నిర్ణయించేది ఇల్లాలు.

కొలమానం మనిషి కాదు, పాత్ర

మామూలు సర్వేలో ఇల్లు ఒక లెక్క, లేదా మనిషి ఒక లెక్క. ఇక్కడ పాత్రను లెక్కగా తీసుకున్నాం. ఒక బిందె ఎక్కడ నిండింది, ఎవరి చంకనెక్కి ఇంటికొచ్చింది, ఇంట్లో ఎక్కడ కూర్చుంది, దాంట్లోంచి ఏయే గిన్నెల్లోకి ఎన్ని చెంబులు పోయాయి, చివరికి అడుగు నీళ్ళు ఏమయ్యాయి. బిందె వెంట ఒక పగలంతా నడిస్తే, అడిగినప్పుడు ఎవరికీ తట్టని పనులన్నీ ఒక్కొక్కటే బయటపడతాయి.

దీనికి సిద్ధాంతం అండ ఉంది. ట్రోబ్రియాండ్ దీవుల్లో ఏళ్ళు గడిపిన మానవశాస్త్రవేత్త మలినోవ్‌స్కీ 1922లోనే చెప్పాడు: జనం చెప్పే నియమాలు, లెక్కలు ఒక ఎత్తు, ప్రశ్నలకు అందని రోజువారీ బతుకు ఇంకో ఎత్తు, రెండోది కళ్ళతో చూసి రాసుకోవలసిందేనని. 1984లో బెర్నార్డ్, ఆయన తోటి పరిశోధకులు అప్పటిదాకా వచ్చిన పరిశీలనలన్నీ తిరగేసి, తమ పనుల గురించి జనం గుర్తుచేసుకుని చెప్పేదాంట్లో సుమారు సగం ఏదో ఒక విధంగా తప్పుగా ఉంటుందని తేల్చారు. వస్తువుకూ ఒక జీవిత చరిత్ర ఉంటుందని, అది ఎవరి చేతుల మీదుగా పోతూ ఏ విలువ పొందుతుందో రాయాలని 1986లో కోపిటాఫ్ వాదించాడు. పెరూలో మచిగ్వెంగా జనం మధ్య అలెన్ జాన్సన్, ముందే చీట్లు వేసుకుని అనుకోని వేళల్లో ఇళ్ళకు వెళ్ళి, ఆ క్షణంలో ఎవరు ఏం చేస్తున్నారో మాత్రమే రాసుకున్న పద్ధతి 1975లో అచ్చయింది. ఈ నాలుగింటినీ కలిపి ఉద్దానం వంటింటికి సరిపోయేలా కుదించుకున్నదే ఇక్కడి పద్ధతి.

ఊళ్ళోకి వెళ్ళే తీరు

ఉద్దానం ఊళ్ళకు సర్వేలు కొత్త కాదు. రక్తం తీసుకున్నారు, మూత్రం తీసుకున్నారు, నీళ్ళ సీసాలు నింపుకుని పోయారు. ఫలితం తిరిగొచ్చి చెప్పినవాళ్ళు తక్కువ. అందుకే ఆశా కార్యకర్త వెంటో ఏఎన్ఎం వెంటో మొదటిసారి వీధిలోకి అడుగుపెట్టకూడదు. పెడితే ఆ క్షణం నుంచి మీరు "కిడ్నీ వాళ్ళు". తరవాత ఏం అడిగినా జబ్బు గురించే చెబుతారు, నీళ్ళ గురించి చెప్పరు. సర్పంచ్‌కీ గ్రామ సచివాలయంలోనూ ముందుగా లిఖితంగా తెలియజేయాలి. ఎథిక్స్ కమిటీ అనుమతి చేతిలో ఉండాలి. ఆపైన వీధిలో పెద్దావిడ ఎవరో తెలుసుకుని ఆమె అరుగు మీద మొదలుపెట్టాలి. "పిన్నీ", "అప్పా" (అక్కా) అని పిలవడం అక్కడ సహజం. "మేడం" అంటే దూరం పెరుగుతుంది.

సమ్మతి పత్రం చదివి వినిపించాలి. అందులో నాలుగు విషయాలు తప్పనిసరి: రక్తపరీక్ష లేదు, నీళ్ళ పరీక్ష లేదు, మధ్యలో ఎప్పుడైనా "ఇంక చాలు" అనొచ్చు, చివర్లో కనుక్కున్నది వీధిలోనే చెబుతాం. మొదటి రెండూ చెప్పకపోతే జనం ఫలితం కోసం ఎదురుచూస్తారు. అది వాళ్ళను మోసం చేసినట్టే.

ఇంకొకటి, ఎక్కువమంది పట్టించుకోనిది. ఉద్దానంలో సీలు వేసిన నీళ్ళ సీసా చేత్తో పట్టుకుని ఇంట్లోకి వెళ్ళకూడదు. ఆ సీసా "మీ నీళ్ళు జబ్బు నీళ్ళు" అని మీకన్నా ముందే చెప్పేస్తుంది. కావలసిన నీళ్ళు ముందే తాగి, సీసా బండిలో వదిలేయాలి. ఇంట్లో ఇచ్చేది మజ్జిగైనా టీ అయినా తీసుకోవాలి. అతిథికి ఎప్పుడూ టిన్ను నీళ్ళే వస్తాయి కాబట్టి మొదటి రోజుల్లో ఆ ఇంట్లో టిన్ను తప్ప ఇంకో నీరు లేదనిపిస్తుంది. దాన్ని నోట్సులో "మర్యాద నీళ్ళు" అని విడిగా రాసుకోవాలి, ఇంటి వాడకంలో కలపకూడదు.

పటం, పాత్రల జాబితా

మొదటి పని నీళ్ళ పటం. వీధిలో పదీ పన్నెండేళ్ళ పిల్లలను వెంటబెట్టుకుని తిరిగితే పెద్దలు మరిచిపోయిన చోట్లు కూడా చూపిస్తారు: పూడ్చిన నుయ్యి, విరిగిన బోరింగు, తోటలో మోటారు దగ్గర పైపు కారే చోటు, గుడి నుయ్యి. తరవాత సాయంత్రం వీధిలో ముగ్గుపిండితో అదే పటం వేయించాలి. ఆడవాళ్ళు చేయి కలుపుతారు, తప్పులు దిద్దుతారు. కాగితం మీద గీస్తే చదువుకున్న మగవాళ్ళు పెన్ను అందుకుంటారు, ఆడవాళ్ళు వెనక్కి తగ్గుతారు. ముగ్గుపిండి అయితే ఎవరి చేతిలో ఉంటుందో వేరే చెప్పనక్కర్లేదు. దూరాలు అడుగులతో కొలవాలి, నిండు బిందెతో నడిచేటప్పుడు ఎక్కడ ఆగుతారో కూడా గుర్తుపెట్టాలి. ఎందుకంటే ఆగే చోటే మాట్లాడుకునే చోటు.

రెండోది పాత్రల జాబితా. బిందెలు, కుండలు, బకెట్లు, టిన్నులు, చెంబులు, గ్లాసులు, ఫ్రిజ్‌లో సీసాలు, పిల్లల స్కూలు సీసాలు, పనికి తీసుకుపోయే కూల్‌డ్రింకు సీసాలు, అన్నీ. స్టీలు సామాను మీద పేర్లు కొట్టించి ఉంటాయి. ఎవరి పెళ్ళికి ఎవరు ఇచ్చారో ఆ పేరు చదివితే తెలుస్తుంది, దాంతో మాట సులువుగా మొదలవుతుంది. పుట్టింటి నుంచి తెచ్చుకున్న బిందెతో బోరింగు నీళ్ళు మోయడానికి కోడలు ఇష్టపడకపోవచ్చు. అత్తగారి పాత ఇత్తడి బిందె పూజ నీళ్ళకే కేటాయించి ఉండొచ్చు. పాత్ర మీదున్న పేరు నోట్సులో రాయకూడదు, బి-1, బి-2 అని సంకేతాలు పెట్టుకోవాలి.

ఏ పాత్రలోకి ఏ నీళ్ళు వస్తాయో దూరం నుంచే తెలియడానికి గోళ్ళరంగు చుక్క పెట్టాం. ఇంటావిడ అనుమతితో, అంచుకు కింద, బయటివైపు, చిన్న చుక్క. ఇక్కడ పని చెడే చోట్లు మూడు. ఒకటి, రంగు ఎంపిక. ఎరుపు పెడితే అది ప్రమాదం గుర్తయి కూర్చుంటుంది, మర్నాటికల్లా ఆ బిందె వాడకం మారిపోతుంది. ఆకుపచ్చ పెడితే "ఇది మంచిదన్నమాట" అనుకుంటారు. గోధుమ, నీలం, వెండి, గులాబీ లాంటివి నయం. రెండు, బూడిదా కొబ్బరిపీచుతో తోమే ఇంట్లో చుక్క కొద్ది రోజుల్లోనే అరిగిపోతుంది, మళ్ళీ పెట్టాలి. మూడు, మట్టికుండ మీద రంగు నిలవదు. దారం కట్టాలి, కాని పసుపు దారం వద్దు, నల్ల దారం అసలే వద్దు. ఒకటి పూజకు, ఒకటి దిష్టికి. తెల్ల పురికొస చాలు.

కొలతకు మొదట తోచేది పాత్రలో ఎంత మట్టం తగ్గిందో చూడటం. అది రెండు కారణాల వల్ల కుదరదు. బిందె మెడ సన్నం, పొట్ట లావు. మెడ దగ్గర అంగుళం తగ్గడమూ పొట్ట దగ్గర అంగుళం తగ్గడమూ ఒకటి కాదు. పుల్ల ముంచి చూద్దామంటే తాగే నీళ్ళలో పరాయి పుల్ల ముంచడం ఏ ఇంట్లోనూ మర్యాద కాదు. అందుకని మట్టాలు వదిలి చెంబులు లెక్కపెట్టాలి. ఇంట్లో ముంచే చెంబూ గ్లాసూ ఎంత పడతాయో మొదటి రోజే లీటరు మగ్గుతో ఇంటావిడే కొలిచి చూపిస్తుంది. ఆ తరవాత ఎన్ని చెంబులు తీశారో రాసుకుంటే సరిపోతుంది. చెంబు నిండా ముంచారా ముప్పావు ముంచారా అన్న తేడా వస్తుంది. వంటకు దాదాపు నిండుగా ముంచుతారు, మనిషికి పోసేటప్పుడు కాస్త తక్కువ ముంచుతారు. ఆ రెంటికీ వేర్వేరు కొలతలు పెట్టుకోవాలి.

నీళ్ళ పుట

ఇదే ఈ పద్ధతికి ప్రాణం. తెల్లవారుజామున కుళాయి రాకముందు మొదలుపెట్టి రాత్రి వంటిల్లు సర్దేదాకా, ఇద్దరు మనుషులు వంతులవారీగా కూర్చోవాలి. ఒక్కరే రోజంతా కూర్చుంటే మధ్యాహ్నానికి కళ్ళు తేలిపోతాయి. కూర్చునే చోటు వంటింటి గుమ్మం బయట, లోపలికి కనిపించేలా. ఇద్దరిలో ఒకరైనా ఆడమనిషి కావాలి. పుటలో గడులు ఆరు: వేళ, ఎవరు, ఏ పాత్ర నుంచి, ఏ పాత్రలోకి, ఎన్ని చెంబులు, దేనికి. పక్కన ఖాళీ, అన్న మాట అన్నట్టు రాయడానికి.

నమూనా:

5:10. కోడలు. బి-2 అడుగున నిన్న మిగిలిన బోరింగు నీళ్ళు, రెండు చెంబులు, కరివేపాకు మొక్కకి. బి-2 తోమింది.

5:25. అత్త. కుండ (నుయ్యి) నుంచి ఒక చెంబు. పుక్కిలించి, ముఖం కడిగి, మిగిలింది గుటకేసింది. సుమారు సగం గ్లాసు.

5:40. కోడలు. బి-1 (కుళాయి, నిన్నటివి) నుంచి టీ గిన్నెలోకి మూడు గ్లాసులు.

6:15. కుళాయి వచ్చింది. మొదటి సగం బిందె వంపేసింది. "ముందొచ్చినవి ఇనప వాసన."

6:50. మామ. తరవాణి కుండలోంచి రెండు గరిటెల అన్నం, గ్లాసున్నర నీరు, ఉల్లిపాయ. కుండలో రాత్రి పోసింది నుయ్యి నీళ్ళు.

7:20. కోడలు. టిన్ను నుంచి పిల్లాడి స్కూలు సీసాలోకి అర లీటరు.

7:35. కోడలు. బి-3 (నుయ్యి) నుంచి ఎసట్లోకి నాలుగు చెంబులు. "కుళాయి నీల్లకి పప్పు ఉడకదు, ఎంత మంటెట్టినా."

8:05. మామ తోటకి. రెండు లీటర్ల సీసా, బి-1 నుంచి.

8:10. పక్కింటామె. గుమ్మంలో నిలబడి నీళ్ళడిగింది. టిన్ను నుంచి ఒక గ్లాసు.

ఎనిమిదిన్నరకల్లా ఆ ఇంట్లో పెద్దవాళ్ళ కడుపులోకి నుయ్యి నీళ్ళూ కుళాయి నీళ్ళూ చేరాయి, టిన్ను నీళ్ళు మాత్రం చేరలేదు. టిన్ను పిల్లాడికీ పక్కింటామెకీ వెళ్ళింది. అదే సాయంత్రం అడిగితే ఇంటిల్లిపాదీ "టిన్నే" అంటారు.

పుట రాసేటప్పుడు రెండు అలవాట్లు చేసుకోవాలి. మాటను శిష్టభాషలోకి మార్చకూడదు, "నీల్లకి" అంటే "నీల్లకి" అనే రాయాలి. దిద్దిన మాటలో ఎవరు అన్నారో కనిపించదు. రెండోది, ఆ రోజు పుటను ఆ రాత్రే విడమరచి రాసుకోవాలి.  మర్నాటికి వాయిదా వేస్తే మిగిలేది మన ఊహ.

చెవి కూడా వాడుకోవచ్చు. నిండుతున్న బిందె మోత పైకి పోతూ ఉంటుంది. లోపల గాలి పొడవు తగ్గేకొద్దీ స్వరం హెచ్చుతుంది. లోపల పొయ్యి దగ్గరున్న మనిషి బయట బిందె నిండబోతున్న సంగతి ఆ మోతతోనే పట్టేస్తుంది. కూర్చున్న చోటు నుంచి కుళాయి కనిపించకపోయినా ఆ మోత విని ఎన్ని బిందెలు నిండాయో లెక్క రాసుకోవచ్చు. రికార్డరు మాత్రం కుళాయి దగ్గర వేలాడదీయకూడదు. అక్కడ ఆడవాళ్ళు చెప్పుకునే మాటలు నీళ్ళవి కావు, మనవీ కావు.

గుర్తుచేసుకున్నదీ జరిగిందీ

పుట రాసిన మర్నాడు, వేరొక మనిషి వెళ్ళి అదే ఇంట్లో "నిన్న పొద్దున్న లేచిన దగ్గర నుంచి..." అని గుర్తుచేయిస్తూ అడగాలి. పుట రాసినవాళ్ళే అడిగితే "నువ్వు చూశావుగా" అంటారు. రెండూ పక్కపక్కన పెట్టి తేడాలను మూడు రకాలుగా విడదీశాం. రాలిపోయినవి: పుక్కిలింతలో మింగిన నీరు, మాత్ర వేసుకోవడానికి తాగిన గుక్క, వంట రుచి చూడటం. కలిసిపోయినవి: టీ, తరవాణి, గంజి, పప్పు నీళ్ళు, ఇవన్నీ తిండి కింద పోతాయి, నీళ్ళ కింద రావు. చోటు మారినవి: తోటలో, జీడి బట్టీ దగ్గర, చుట్టాలింట్లో తాగినవి. వీటిని ఇంటి లెక్కలో చెప్పరు. ఎవరినీ తప్పుపట్టే పని లేదు. ఏది రాలిపోతుందో, ఏది కలిసిపోతుందో అదే ఆ ఇంటివాళ్ళు నీళ్ళను ఎలా విభజించుకున్నారో చెబుతుంది. సర్వే ఫారంలో "తాగునీటి వనరు" అని ఒక్క గడి పెట్టి, అందులో "ప్లాంటు" అని టిక్కు కొట్టేస్తే ఈ మూడు రకాలూ పోతాయి.

చీట్ల ఆట

ముందు ఒక పాతికమందిని విడివిడిగా "మన ఊళ్ళో ఎన్ని రకాల నీళ్ళున్నాయి?" అని అడిగి జాబితా రాయాలి. ఇద్దరి కన్నా ఎక్కువమంది చెప్పినవాటికి చీట్లు తయారుచేయాలి. నుయ్యి, బోరింగు, కుళాయి, టిన్ను, చెరువు, తోట నుయ్యి, వాన నీళ్ళు, కాచిన నీళ్ళు, ఫ్రిజ్ నీళ్ళు, నిన్నటి నీళ్ళు, గంజి, తరవాణి, కొబ్బరినీళ్ళు. ఆఖరి మూడూ జాబితాలోకి వాటంతట అవి వచ్చేదాకా ఆగాలి, మనం అందించకూడదు. చదవలేనివాళ్ళ కోసం బొమ్మలు వాడాలి. ఫొటోలు వాడేవాళ్ళు జాగ్రత్త పడాలి. ఫొటోలో ఎవరి బోరింగో గుర్తుపడితే చీటీలను నీళ్ళ ప్రకారం కాక ఇళ్ళ ప్రకారం, కులం ప్రకారం విడదీస్తారు. అది కూడా తెలుసుకోదగ్గదే, కాని అది వేరే ప్రశ్న. ఇక్కడికి తెల్ల బట్ట మీద పెట్టి తీసిన పాత్ర బొమ్మలు మేలు.

"ఒకలాంటివి ఒక దగ్గర పెట్టండమ్మా" అని మాత్రమే చెప్పి, చేయి పెట్టకుండా ఊరుకోవాలి. ఎన్ని కుప్పలు అని అడిగితే "మీ ఇష్టం". చాలా కుప్పలు చలవ, వేడి లెక్కన పడ్డాయి. కొబ్బరినీళ్ళు, తరవాణి, కుండ నీళ్ళు ఒకవైపు. టిన్ను, కాచిన నీళ్ళు ఇంకోవైపు. ఇంకో విభజన పప్పు ఉడికేవి, ఉడకనివి. దీనికి రసాయనం తోడుంది: కాల్షియం, మెగ్నీషియం ఎక్కువున్న నీళ్ళలో పప్పు పొర మెత్తబడదు, సబ్బు నురగ రాదు, గిన్నెకు తెల్లపొర పడుతుంది. ఆ వీధి ఆడవాళ్ళ చేతిలో ఉన్న నీటి పరీక్ష అదే, తరతరాలుగా నమ్మదగిందే. మంచి నీరు, చెడ్డ నీరు అనే కుప్పలు మేం అడిగిన తరవాతే వచ్చాయి. జబ్బు భయం ఆ వంటింట్లోకి కొత్తగా వచ్చి చేరింది, పాత లెక్కలను పక్కకు నెట్టలేదు, వాటి పక్కన కూర్చుంది.

నీళ్ళలో కరిగిన లవణాలను కొలిచే టీడీఎస్ మీటరు సంగతి. పెన్నులాంటి ఆ పరికరం చవగ్గా దొరుకుతుంది, దాన్ని మొదట్లోనే తీస్తే చాలు పని మొత్తం ఒక అంకె చుట్టూ తిరుగుతుంది. వీధంతా గ్లాసులు పట్టుకుని వరస కడుతుంది. భారతీయ ప్రమాణాల ప్రకారం తాగునీటిలో కరిగిన లవణాలు లీటరుకు 500 మిల్లీగ్రాములు దాటకుండా ఉండటం మంచిది, వేరే దారి లేనప్పుడు 2000 దాకా ఒప్పుకుంటారు. కాని ఆ అంకె సిలికా గురించి గాని, ఫ్లోరైడ్ గురించి గాని, పురుగుమందుల గురించి గాని విడిగా ఏమీ చెప్పదు, కిడ్నీ గురించి అసలే చెప్పదు. "మా నీళ్ళు మంచివేనా బాబూ?" అని అడిగితే ఆ అంకెతో జవాబు చెప్పడం తప్పు. మీటరు తేవద్దు.

డయాలసిస్ ఉన్న ఇల్లు

ఈ ఇళ్ళకు నీళ్ళ పుట పద్ధతి వాడలేదు. ఊళ్ళో అందరికీ "నీళ్ళు బాగా తాగండి" అని చెబుతుంటే, ఈ ఇంట్లో ఒక్కరికి "తగ్గించండి" అని చెబుతారు. రోజుకు వచ్చే మూత్రానికి ఇంకో అర లీటరో లీటరో కలిపి, అంతకు మించొద్దని డాక్టర్లు సాధారణంగా లెక్క కడతారు. టీ, మజ్జిగ, చారు కూడా ఆ లెక్కలోనివే. చుట్టూ కొబ్బరి తోటలున్నా కొబ్బరిబోండాం తాగకూడదు, అందులో పొటాషియం ఎక్కువ. అలాంటి మనిషి ఎదుట కూర్చుని గుక్కలు లెక్కపెట్టడం ఏ పరిశోధనకూ తగదు. వాళ్ళు పిలిచినప్పుడు వెళ్ళి, చెప్పింది విని, చూపించింది చూడటమే. చాలా ఇళ్ళలో ఆ మనిషికి ఒక విడి గ్లాసు, కొన్నిచోట్ల గీత పెట్టిన సీసా ఉంటాయి. దాని నిండా పొద్దున్నే పోసి పెడతారు, రోజుకు అంతే. ఆ సీసా ఎవరు నింపుతారు, మధ్యాహ్నానికే ఖాళీ అయితే ఎవరు చూసీ చూడనట్టు ఊరుకుంటారు అన్నది వాళ్ళు చెబితే రాయాలి, అడగకూడదు. ఈ జబ్బు ఇంటి లోపల ఎలా ఉంటుందో ఇంతకన్నా బాగా చెప్పే వస్తువు ఇంకొకటి కనిపించదు.

పుటలను చదవడం

పుటలన్నీ వచ్చాక పెద్ద కాగితం మీద నిలువునా పాత్రలు, అడ్డంగా వాడకాలు రాసి, చెంబుల లెక్కలు గడుల్లో నింపాలి. కంప్యూటరు తరవాత, ముందు చేత్తో. చేత్తో నింపుతున్నప్పుడే ఖాళీ గడులు కళ్ళకు తగులుతాయి. టిన్ను వరసలో వంట గడులన్నీ ఖాళీ. అదే వరసలో కోడళ్ళు తాగిన లెక్క పలచన: వాళ్ళు పొయ్యి దగ్గర చేతికందిన బిందెలోంచి, అందరి తరవాత, నిలబడే తాగుతారు. టిన్ను ముందు అతిథికి, పిల్లలకి, ముసలివాళ్ళకి, జబ్బుమనిషికి. దాన్ని కొని తెచ్చుకున్న మంచితనంగా చూస్తారు, మంచితనాన్ని ముందు ఎవరికి పంచాలో ఇంటికి తెలుసు.

ఏ లెక్కయినా కాలాన్ని బట్టి మారుతుంది. మేలో నూతులు అడుగంటినప్పుడూ, తుపాను తరవాత కరెంటు లేనప్పుడూ పుటలు వేరుగా ఉంటాయి. 2018 అక్టోబరులో తిత్లీ తుపాను పలాస దగ్గర తీరం దాటి తోటలనూ కరెంటు స్తంభాలనూ కూల్చేసింది. కరెంటు లేకపోతే ప్లాంటు ఆగిపోతుంది, మోటారు ఆగిపోతుంది, చేత్తో తోడే నుయ్యే మిగులుతుంది. గ్రహణం రోజు నీళ్ళ పాత్రల్లో దర్భ వేస్తారు, ఇంట్లో చావు జరిగితే నిలవ నీళ్ళు పారబోస్తారు. అలాంటి రోజుల పుటలు విడి దొంతరలో పెట్టాలి, సగటులో కలిపితే ఏ రోజుదీ కాని లెక్క వస్తుంది.

ఇంటింటికీ కుళాయి నీళ్ళివ్వడానికి 2019లో మొదలైన కేంద్ర పథకం జల్ జీవన్ మిషన్ మనిషికి రోజుకు 55 లీటర్లు అందించాలని పెట్టుకుంది. అది కుళాయి దగ్గర కొలిచే లెక్క. వంపేసిన మొదటి సగం బిందె, పప్పు ఉడకదని పక్కన పెట్టి బట్టలకు వాడిన బిందె, ఇవేవీ ఆ లెక్కలో కనబడవు.

వీధికి తిరిగి చెప్పడం

చెబుతామని సమ్మతి పత్రంలో రాసిన మాట నిలబెట్టుకోవడానికి మళ్ళీ అదే వీధిలో ముగ్గుపిండి పటం వేసి, గులకరాళ్ళతో చెంబులు పేర్చి చూపించాం. ఏ ఇంటి లెక్కా ఆ ఇంటిదని చెప్పలేదు, మొత్తం వీధిది ఒకటిగా. అక్కడికక్కడే సవరణలు వచ్చాయి. కొన్ని గులకరాళ్ళు కుళాయి దగ్గర నుంచి తోట నూతి దగ్గరకు మగవాళ్ళే జరిపారు. అందాకా తోటలో తాగే నీళ్ళ లెక్క తక్కువగా ఉంది, ఎందుకంటే ఇంటి గుమ్మం దగ్గర కూర్చుని చూసేవాళ్ళకు అది కనబడదు. రాళ్ళు జరిగాక తోటల్లో రెండో విడత పరిశీలన చేర్చాం: పనివాళ్ళ సీసా ఎన్నింటికి ఖాళీ అయింది, దేనితో మళ్ళీ నిండింది.

పంచాయతీకి ఇచ్చిన కాగితం ఒకటిన్నర పేజీ. అందులో మూడే మాటలు. కుళాయి వదిలే వేళ జీడి పనికి పోయేవాళ్ళు ఇల్లు వదలకముందు అయ్యేలా చూడాలి. పైపులో నిలిచిన మొదటి నీరు ఎందుకు వాసన వస్తోందో పైపు చూసేవాళ్ళు చూడాలి, లేకపోతే ఎంత మంచి నీరు వచ్చినా వంటింట్లోకి పోదు. తోటల దగ్గర, పని చేసే చోట నీళ్ళు పెట్టనిదే ఇంటికెన్ని లీటర్లు ఇచ్చినా ఎండలో ఉన్న మనిషికి అందవు.

నోట్సు పుస్తకాలూ సంకేతాల జాబితా వేర్వేరు చోట్ల తాళం వేసి ఉంచాలి. పాత్రల ఫొటోల్లో వెనక ఎవరి ముఖమైనా పడితే ఆ ఫొటో తీసేయాలి. మళ్ళీ పుటలు రాయాల్సింది పైపు నీరు వచ్చి ఒక వేసవి గడిచాక. అప్పుడు ముందుగా చూడాల్సిన గడి తరవాణి కుండ వరసలోది: అందులోకి ఇప్పుడు ఏ బిందె వంగుతోంది.